కొత్త జంట – కొండదారి రైలు

పాఠ్యభాగ ఉద్దేశం: దూరదేశ ప్రయాణానికి పూనుకొనేవారు సమయాన్ని, ధనాన్ని, పత్రాలను ఎలా సమకూర్చుకోవాలో తెలియజేయడం. బొగ్గుగనుల సీమకు చెందిన నవదంపతుల రైలుయాత్రను ఉదాహరణగా తీసుకొని, ప్రయాణ ప్రణాళికలోని సూక్ష్మాలను విద్యార్థులకు పరిచయం చేయడం.

అల్లసాని పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు తెలుగువారు ఎన్నటికీ మరువలేని బాటసారి. అరుణాస్పదపురంలో నిత్యకర్మానుష్ఠానంతో కాలం గడిపే ఆ గృహస్థునికి తీర్థాలన్నా క్షేత్రాలన్నా చెప్పలేనంత కుతూహలం. అతిథిగా వచ్చిన సిద్ధుడు పాదలేపం ఇవ్వగానే భార్యకు గాని, తల్లిదండ్రులకు గాని చెప్పకుండా హిమాలయానికి వెళ్లిపోయాడు. అక్కడి శోభను చూసి మురిశాడు. తీరా ఇంటికి బయలుదేరబోతే మంచునీటికి పాదాల పసరు కరిగిపోయింది! వెళ్లే ఉపాయమే తిరిగి వచ్చే ఉపాయం కూడా అనుకోవడం, అది చెడితే మరొక దారి చూసుకోకపోవడం అతని కష్టాలకు మూలం. వరూధిని ఘట్టాన్ని శృంగార దృష్టితో చదివేవారు చాలామంది. ప్రయాణ దృష్టితో చదివేవారు తక్కువ.

ప్రవరునికి పూర్తిగా భిన్నమైన బాటసారి ఏనుగుల వీరాస్వామయ్య. ఇతడు కావ్యపురుషుడు కాడు, చెన్నపట్టణంలో ఉద్యోగం చేసిన మనిషి. 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. రైళ్లు లేని ఆ కాలంలో పెద్ద పరివారాన్ని వెంటబెట్టుకొని హైదరాబాదు దాటి, నిర్మల మీదుగా నాగపురం దారి పట్టాడు. ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరం, ఎక్కడ మంచినీళ్లు ఉన్నాయి, ఎక్కడ బస దొరుకుతుంది, ఏ వస్తువు ఎక్కడ కొనుక్కోవాలి అన్న వివరాలను ఓపికగా రాసిపెట్టాడు. 1838లో అచ్చయిన ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ తెలుగు యాత్రాసాహిత్యానికి ఆద్యగ్రంథంగా గౌరవం పొందింది. అందులోని భక్తి ఎంత విలువైనదో, ఆ లెక్కలూ అంత విలువైనవే.

పెళ్లయిన జంట ఏకాంత విహారానికి వెళ్లే ఆచారం మన పూర్వులకు తెలియదు. కమాన్‌పూర్ ప్రాంతంలో కొత్త దంపతులు ఊళ్లోని ఆదివరాహస్వామిని దర్శించుకొని, వేములవాడ రాజన్న దగ్గరికో, ధర్మపురికో, కాళేశ్వరానికో పోయిరావడం వాడుక. వెంట పెద్దలు, పిల్లలు, వదినలు, మరదళ్లు, బండి నిండా బంధువులు! ఇద్దరే కలిసి దూరం పోవడం తరువాతి కాలపు అలవాటు. ‘హనీమూన్’ అన్న మాట ఇంగ్లీషు నుండి వచ్చి తెలుగు మాటలలో కలిసిపోయింది. మొదట ఊటీ, కొడైకెనాల్; ఇప్పుడు సముద్రాల అవతలి దేశాలు. సినిమా పాటల్లో చూసిన మంచుకొండలు, వాటి మధ్య మెలికలు తిరుగుతూ పోయే రైళ్లు యువతీయువకుల మనసుల్లో నాటుకుపోయాయి. 1995లో వచ్చిన ‘దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే’ అనే హిందీ చిత్రంలో నాయికానాయకులు ఐరోపాలో రైలు తప్పిపోతారు, అక్కడే వారి ప్రేమకథ మలుపు తిరుగుతుంది. సినిమాలో తప్పిన రైలు కథనిస్తుంది. జీవితంలో మాత్రం ఆ రాత్రి బసకు కట్టిన సొమ్మును మింగుతుంది.

కమాన్‌పూర్ పరిసరాల్లో ఒక గనికార్మికుని ఇంట పెళ్లి కుదిరిందనుకొందాం. వరుడు హైదరాబాదులో ఉద్యోగి. వధువు సెంటినరీ కాలనీలో పెరిగి పై చదువులు చదివిన యువతి. ఇద్దరూ తమ జీతాలలో కొంత దాచుకొన్నారు. పెద్దలు కొంత కలుపుతామన్నారు. స్విట్జర్లాండు వెళ్లి ఎనిమిది రోజులు రైళ్లలోనే తిరగాలని వారి కోరిక. ఆ డబ్బు తేలికగా కూడినది కాదు. భూగర్భంలో ముప్పయ్యేళ్లు షిఫ్టులు చేసిన చేతుల కష్టం అందులో ఉంది. కాబట్టి ఒక్క రోజు వృథా అయినా, ఒక్క పత్రం తక్కువైనా ఆ బాధ ఇద్దరిది మాత్రమే కాదు.

మొదట తేల్చుకోవలసినది కాలం. మన పెళ్లిళ్లు ముహూర్తాలను బట్టి జరుగుతాయి, కొండలు వాటి రుతువులను బట్టి నడుస్తాయి. మాఘంలో పెళ్లి చేసుకొని వెంటనే బయలుదేరితే అక్కడ గడ్డకట్టే చలి. వైశాఖంలో అయితే లోయలు పచ్చబడతాయి గాని ఎత్తైన కాలిబాటలపై మంచు ఇంకా కరగదు. జ్యేష్ఠంలో పెళ్లయితే వెనువెంటనే ఆషాఢం వస్తుంది. ఆ మాసంలో కొత్త కోడలు పుట్టింట ఉండాలనే ఆచారాన్ని పాటించే ఇళ్లు నేటికీ ఉన్నాయి. టికెట్లు కొన్న తరువాత ఈ సంగతి గుర్తుకు వస్తే ఇంట్లో మాటలు పెరుగుతాయి. ముందే పెద్దలతో మాట్లాడి, శ్రావణంలోనో ఆ తరువాతనో వెళ్లడానికి ఒప్పించుకోవడం మేలు. మరీ ఆలస్యం చేసినా చిక్కే. జెర్మాట్, సెయింట్ మోరిట్జ్ పట్టణాల మధ్య నడిచే సుప్రసిద్ధమైన గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ ఏటా అక్టోబరు మధ్య నుండి డిసెంబరు వరకు నడవదు. ఆ రైలుకోసమే వెళ్లి, ఆ రైలు లేని రోజుల్లో అడుగుపెట్టడం కంటె నిరాశ ఉండదు.

కాలం కుదిరాక పత్రాలు. ఇక్కడ తెలుగువారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఇంటిపేరు. మనం ఇంటిపేరును ముందు, అదీ తరచుగా ఒక్క పొడి అక్షరంగా రాసుకొంటాం. పాసుపోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు మరొక గడి ఉంటాయి. విమానం టికెట్టు మీద, వీసా దరఖాస్తులో, బీమా పత్రంలో పేరు పాసుపోర్టులో ఉన్నట్లే ఉండాలి. పెళ్లయింది కదా అని వధువు పేరు పక్కన అత్తవారి ఇంటిపేరు చేర్చి టికెట్టు కొంటే, పాసుపోర్టు పుట్టింటి పేరుతోనే ఉన్నందువల్ల విమానాశ్రయంలో ఇబ్బంది తప్పదు. వివాహానంతరం స్త్రీ పేరు మార్చుకోవాలన్న చట్టం ఏదీ లేదు. పుట్టింటి పేరుతో ఉన్న పాసుపోర్టుతోనే నిశ్చింతగా ప్రయాణించవచ్చు. మార్చుకోదలిస్తే తిరిగి వచ్చాక తీరికగా మార్చుకోవచ్చు. ఈ నిర్ణయం ఆమెది. ఆమెను అడగకుండా ఆమె పేరుతో ఫారాలు నింపే ఉత్సాహం కొత్త పెండ్లికొడుకులకు తగదు.

స్విట్జర్లాండు 2008 డిసెంబరు నుండి షెంజెన్ ఒప్పందాన్ని అమలు చేస్తున్న దేశం. ఆ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుండి దరఖాస్తు చేయవచ్చు, పదిహేను రోజులకంటె తక్కువ వ్యవధిలో చేయరాదు. సాధారణంగా నిర్ణయానికి పదిహేను రోజులు పడుతుంది. అవసరమైతే నలభై అయిదు రోజుల వరకు పోవచ్చు. వైద్యఖర్చులకు కనీసం 30,000 యూరోల బీమా ఉండాలి. పాసుపోర్టు గడువు తిరుగు ప్రయాణం తరువాత కనీసం మూడు నెలలు మిగిలి ఉండాలి. పెళ్లిపనుల హడావుడిలో వధూవరుల వేలిముద్రల కోసం ఒక రోజు కేటాయించడం పెద్దలకు వింతగా తోచవచ్చు. అయినా పెళ్లిపత్రిక అచ్చువేయించినంత శ్రద్ధగా ఈ పని చేయాలి. వీసా చేతికి రాకముందు, రద్దు చేస్తే డబ్బు తిరిగిరాని టికెట్లు కొనడం సాహసం కాదు, అవివేకం.

ఇక రైళ్లు. రామగుండం, పెద్దపల్లి స్టేషన్లు ఎరిగిన వారికి రైలు ప్రయాణమంటే ముందుగా రిజర్వేషను గుర్తుకు వస్తుంది. 2024 నవంబరు నుండి మన రైళ్లలో ముందస్తు రిజర్వేషను గడువు అరవై రోజులు. అంతకు ముందు నూట ఇరవై రోజులు ఉండేది. బెర్తు, కోచి సంఖ్య, వెయిటింగ్ లిస్టు, ఒకే బెర్తును ఇద్దరు పంచుకొనే ఆర్.ఏ.సి. – ఇవి మన జీవితంలో భాగాలు. (ఆర్.ఏ.సి. దొరికిన కొత్త జంట నిరాశపడవలసిన పని లేదు.) స్విట్జర్లాండులో చాలా రైళ్లకు రిజర్వేషనే అక్కరలేదు. చెల్లుబాటయ్యే టికెట్టు చేతిలో ఉంటే ఆ రోజు ఆ దారిలో వచ్చే ఏ సాధారణ రైలైనా ఎక్కవచ్చు, ఖాళీగా ఉన్న చోట కూర్చోవచ్చు. స్టేషను ద్వారం దగ్గర తనిఖీ ఉండదు, రైలులో తనిఖీ అధికారి వస్తాడు. అయితే తక్కువ ధరకు అమ్మే కొన్ని టికెట్లు ఒక నిర్ణీత రైలుకే పరిమితం. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ వంటి విహారపు రైళ్లకు పాసు ఉన్నా సీటుకు వేరే రుసుము చెల్లించి ముందుగా రిజర్వేషను చేయించుకోవాలి. ఏది స్వేచ్ఛ, ఏది నిర్బంధం అన్నది టికెట్టు మీద రాసి ఉంటుంది. చదవడమే తరువాయి.

1982 నుండి అక్కడి రైళ్లు దేశమంతటా క్రమాంతర కాలపట్టిక ప్రకారం నడుస్తున్నాయి. అంటే ఒక దారిలో గంట గంటకూ అదే నిమిషానికి రైలు వస్తుంది. ముఖ్యమైన దారులలో అరగంటకొకటి. కూడలి స్టేషనులో ఒక రైలు వచ్చేసరికి రెండవది సిద్ధంగా ఉండేటట్లు ఆ పట్టికను అల్లారు. అందువల్ల ఆరు నిమిషాల వ్యవధిలో రైలు మారడం అక్కడివారికి మామూలే. కాని రెండు పెట్టెలు లాగుతూ, కొత్త భాషలోని పేర్లను కూడబలుక్కొంటూ నడిచే జంటకు ఆరు నిమిషాలు చాలవు. ఒక రైలు వదిలి తరువాతి రైలును లెక్కలోకి తీసుకొని ప్రణాళిక వేసుకోవడం మంచిది. స్టేషనులో అరగంట కూర్చొని కాఫీ తాగడం కూడా విహారంలో భాగమే.

బొగ్గుసీమ విద్యార్థులకు ఆసక్తి కలిగించే విషయం ఇక్కడ ఒకటుంది. నిజాం రాష్ట్రపు రైళ్లు సింగరేణి బొగ్గుతో నడిచాయి. 1929లో కాజీపేట – బల్హార్షా మార్గం పూర్తయి రామగుండం ప్రాంతం ఉత్తర దక్షిణాలను కలిపే ప్రధాన రైలుదారి మీదికి వచ్చింది. స్విట్జర్లాండుకు చెప్పుకోదగిన బొగ్గు నిక్షేపాలు లేవు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బయటి నుండి రావలసిన బొగ్గు రాక తగ్గి, ధర విపరీతంగా పెరిగి, ఆవిరి ఇంజన్లు మూలపడే పరిస్థితి వచ్చింది. అప్పుడు ఆ దేశం తన కొండవాగుల నుండి విద్యుత్తును పుట్టించి రైళ్లు నడపడానికి పూనుకొంది. అందువల్లనే అక్కడి కొండదారి రైలులో పొగ ఉండదు. బొగ్గు ఉన్న నేల నుండి వెళ్లిన జంట, బొగ్గు లేకపోవడం వల్ల మరో దారి వెదుక్కొన్న నేలను చూస్తుందన్నమాట.

ఎనిమిది రోజులకు ఎన్ని ఊళ్లు? సాధారణంగా ఇక్కడే తప్పటడుగు పడుతుంది. డబ్బు పెట్టి వెళ్తున్నాం కదా అని రోజుకొక ఊరు పెట్టుకొంటే, పెట్టెలు సర్దడం విప్పడంతోనే సగం కాలం గడుస్తుంది. మూడు మజిలీలు చాలు. జూరిక్ విమానాశ్రయం కిందనే రైలు స్టేషను ఉంది. అక్కడి నుండి జూరిక్ ప్రధాన స్టేషను పది నిమిషాల దూరం, అక్కడి నుండి లుజెర్న్ గంటలోపు. లుజెర్న్‌లో రెండు రాత్రులు గడిపి, బ్రూనిగ్ కనుమ మీదుగా సుమారు రెండు గంటలలో ఇంటర్‌లాకెన్ చేరవచ్చు. సరస్సుల పక్కగా సాగే ఈ దారి చూడదగినది. ఇంటర్‌లాకెన్‌లో మూడు రాత్రులు. ఆపైన స్పీజ్, విస్ప్ స్టేషన్లలో రైలు మారి జెర్మాట్ వెళ్లవచ్చు. పెట్రోలు వాహనాలను రానివ్వని ఊరది.

ఇంటర్‌లాకెన్ తూర్పు స్టేషను నుండి కొండలపైకి పోయే రైలు విషయంలో ఒక హెచ్చరిక అవసరం. త్స్వైలూచినెన్ అనే చిన్న స్టేషనులో ఆ రైలు రెండుగా విడిపోతుంది. ఒక భాగం లౌటర్‌బ్రున్నెన్ లోయకు, మరొక భాగం గ్రిండెల్‌వాల్డ్‌కు వెళ్తుంది. ఏ పెట్టె ఎక్కడికి పోతుందో పెట్టె మీదనే రాసి ఉంటుంది. కిటికీ పక్క సీటు దొరికిందని ఆయన ఒక పెట్టెలో, సామాను పెట్టడానికి చోటు దొరికిందని ఆమె మరొక పెట్టెలో కూర్చొంటే, పెళ్లయిన పది రోజులకే ఇద్దరూ వేర్వేరు లోయలలో తేలుతారు! లింకు ఎక్స్‌ప్రెసుల కాలం ఎరిగిన మన పెద్దలకు ఈ విడిపోవడం కొత్త కాదు.

పాసు కొనాలా, విడి టికెట్లు కొనాలా? దీనికి ఒకే సమాధానం లేదు, కాగితం మీద లెక్క వేయాలి. స్విస్ ట్రావెల్ పాసు మూడు, నాలుగు, ఆరు, ఎనిమిది, పదిహేను రోజులకు లభిస్తుంది. రైళ్లు, బస్సులు, సరస్సులోని పడవలు అందులో చేరుతాయి. రోజూ తిరిగేవారికి అది లాభం. ఒక్కో ఊళ్లో రెండు మూడు రోజులు నిలిచేవారికి టికెట్టు ధరను సగం చేసే హాఫ్ ఫేర్ కార్డు మేలు కావచ్చు. పాసు అన్నంత మాత్రాన అది చవక కాదని జపాను అనుభవం చెబుతుంది. అక్కడ విదేశీ యాత్రికులకు అమ్మే ఏడు రోజుల సాధారణ రైలు పాసు ధర 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుండి 50,000 యెన్లకు పెరిగింది. ఆ తరువాత చాలా ప్రయాణాలకు విడి టికెట్లే చవక అయ్యాయి. పాత పుస్తకాలలో, పాత సలహాలలో ఉన్న లెక్కలను నమ్మి డబ్బు కట్టరాదు.

యూంగ్‌ఫ్రావ్‌యోక్ యాత్రకు ఈ లెక్క మరీ ముఖ్యం. సముద్రమట్టానికి 3,454 మీటర్ల ఎత్తున ఉన్న ఆ స్టేషనుకు పాసు పూర్తిగా చెల్లదు. గ్రిండెల్‌వాల్డ్ లేదా వెంగెన్ వరకే చెల్లుతుంది, ఆ పైన నూటికి ఇరవై అయిదు రాయితీ మాత్రమే ఇస్తారు. మిగిలిన సొమ్ము చిన్నది కాదు. మబ్బు పట్టిన రోజు పైకి వెళ్తే తెల్లని పొగమంచు తప్ప మరేమీ కనబడదు. అందుకే ఇంటర్‌లాకెన్‌లో మూడు రాత్రులు ఉంచుకోవాలి. మూడు పగళ్లలో ఆకాశం తేటగా ఉన్న రోజును చూసి, ఆ ఉదయమే టికెట్టు కొనాలి.

ఆ రైలుమార్గం పని 1896లో మొదలై 1912లో ముగిసింది. తొమ్మిది కిలోమీటర్లకు పైబడిన దారిలో ఏడు కిలోమీటర్లకు మించి సొరంగమే. ఐగర్, మోంక్ శిఖరాల కడుపులో రాతిని పేల్చి, తొలిచి ఆ దారి వేశారు. దాన్ని సంకల్పించిన అడాల్ఫ్ గుయెర్ జెల్లర్ 1899లోనే మరణించాడు, పై స్టేషనును చూడలేదు. అదే సంవత్సరం సొరంగంలో జరిగిన పేలుడు కార్మికుల ప్రాణాలు తీసింది. యాత్రికులు ఈ సొరంగంలో కిటికీ అవతల ఏమీ కనబడక విసుగు చెందుతారు. గనికార్మికుని ఇంటి నుండి వెళ్లినవారికి ఆ చీకటి మరోలా కనబడుతుంది. మందు కూరి, దూరంగా వచ్చి నిలబడి, పేలిన తరువాత పైకప్పును తట్టి చూసి అడుగు ముందుకు వేసే మనుషులను వారు ఎరుగుదురు.

ప్రయాణపు సంగతి ఇంట్లో చర్చకు వచ్చినప్పుడు వరుని తండ్రి కోడలితో ఒక్క మాటే అన్నాడనుకొందాం: “బిడ్డా, బాయిల దిగేటోడు ముందుగాల బయటికొచ్చే తొవ్వ తెలుసుకోవాలె. ఒక తొవ్వ మూసుకపోతే ఇంకో తొవ్వ ఉండాలె.” బొగ్గుగనికి రెండు బహిర్ద్వారాలు ఉండాలన్నది గనుల నిబంధన. ఆమె ఆ మాటను ప్రయాణపు కాగితం మీదికి తెచ్చింది. ప్రతి రైలు పక్కన తరువాతి రైలు వేళ రాసింది. పాసుపోర్టుల నకళ్లు ఇద్దరి పెట్టెలలోనూ ఉంచింది. డబ్బు, కార్డులు ఒకే సంచిలో పెట్టవద్దని భర్తకు చెప్పింది. ఫోను ఆగిపోయినా చదువుకోవడానికి బసల చిరునామాలు చేత్తో రాసుకొంది. ఇద్దరూ విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో కూడా నిర్ణయించుకొన్నారు: దిగవలసిన స్టేషనులో, గడియారం కింద.

ఆ గడియారాల గురించి ఒక ముచ్చట. స్విట్జర్లాండు రైల్వే గడియారాన్ని 1944లో హాన్స్ హిల్ఫికర్ అనే ఇంజనీరు రూపొందించాడు. దాని ఎర్రని సెకన్ల ముల్లు నిమిషం పూర్తికాకముందే చుట్టు ముగించి, పైన ఒక క్షణం ఆగి, నిమిషపు సంకేతం అందాక మళ్లీ కదులుతుంది. చూసేవారికి ముచ్చటే గాని రైలు మాత్రం ఆగదు. అక్కడి కాలం మన కాలానికి వేసవిలో మూడున్నర గంటలు, శీతకాలంలో నాలుగున్నర గంటలు వెనుక. మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు మార్చుతారు. ఆ ఆదివారాలలో ప్రయాణం ఉంటే వేళను రెండుసార్లు సరిచూసుకోవాలి.

సామాను విషయంలో ఎంత చెప్పినా తక్కువే. మన స్టేషన్లలో వలె కూలీలు ఉండరు. ఎవరి పెట్టె వారే మోసుకోవాలి. పెళ్లిలో వచ్చిన పట్టుచీరలన్నీ కొండ మీద కట్టుకోవాలన్న ముచ్చట అర్థం చేసుకోదగినదే, కాని ఒక చీర చాలు. వేడినిచ్చే ఉన్ని బట్టలు, జారని బూట్లు ముఖ్యం. తల్లులు కట్టి ఇచ్చే సద్ది మీద కూడా కట్టుబాటు ఉంది. మాంసం, పాలు, పాలతో చేసిన పదార్థాలు బయటి దేశాల నుండి తీసుకొని పోరాదు. కనుక పాలకోవా ఇంటి దగ్గరే తినిపోవాలి. నూనెలో కాల్చిన సకినాలు, చింతకాయ తొక్కు వెంట పోవచ్చు.

తిరుగు ప్రయాణానికి చివరి రాత్రి జూరిక్‌లోనే బస చేయడం క్షేమం. జెర్మాట్ నుండి నేరుగా విమానానికి వచ్చేటట్లు పెట్టుకొంటే, కొండచరియ విరిగి దారి మూసుకొన్ననాడు విమానం తప్పుతుంది. శంషాబాదులో దిగిన వెంటనే సికిందరాబాదులో రైలు ఎక్కేటట్లు పెట్టుకోవడమూ అంతే. విమానం ఆలస్యమైతే బెర్తు పోతుంది. ఒక పూట విశ్రమించి, మరునాడు భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో రామగుండం చేరడానికి ఆ ఇద్దరూ అరవై రోజుల ముందే, మిగతా టికెట్లన్నిటితో పాటు, రెండు సీట్లు పక్కపక్కన రిజర్వు చేయించుకొన్నారు.

ప్రశ్నలు

1. ప్రవరుని ప్రయాణానికి, వీరాస్వామయ్య ప్రయాణానికి గల భేదాన్ని వివరించండి.
2. ఇంటిపేరు విషయంలో తెలుగు దంపతులకు ఎదురయ్యే చిక్కులేవి?
3. స్విట్జర్లాండు రైళ్లు విద్యుత్తుతో నడవడానికి కారణాలు రాయండి.
4. “ఒక తొవ్వ మూసుకపోతే ఇంకో తొవ్వ ఉండాలె” – సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
5. మీ ఊరి నుండి దూరప్రాంతానికి ఎనిమిది రోజుల రైలుయాత్రకు ప్రణాళిక రాయండి. ప్రతి మజిలీలోనూ రెండవ మార్గం చూపండి.